ఎండకు బయటే అడ్డు: బారామహల్ నుంచి గోల్కొండ దాకా కిటికీ తెరలు

తమిళనాడులోని ధర్మపురి జిల్లా, పాపిరెడ్డిపట్టి తాలూకాలో 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న చిన్న పట్టణం కడత్తూరు. దక్షిణాన షెవరాయ్ కొండలు, ఆగ్నేయాన చిత్తేరి కొండలు, చుట్టూ మెట్ట పొలాలు. సముద్రం దూరం. వేసవి గాలిలో తేమ తక్కువ. పగలంతా కాగిన గోడలు పొద్దుపోయాక కూడా సెగ వదులుతూనే ఉంటాయి. ఇలాంటి చోట ఇంటి కిటికీ వెలుతురునూ గాలినీ రానివ్వాలి, ఎండను మాత్రం ఆపాలి. ఈ రెండో పనికి ఇక్కడ తరతరాలుగా ఉన్నవాళ్లు ఒక అడ్డు పెట్టారు, వచ్చి ఏలినవాళ్లు మరొకటి పెట్టారు, ఇంజనీర్లు ఇంకొకటి పెట్టారు. ఆ అడ్డు ఒకప్పుడు కిటికీకి బయట ఉండేది. గాజు వచ్చాక లోపలికి చేరింది. దాని వెంటే వేడీ ఇంట్లోకి వచ్చింది.

సూర్యుడి నడక తెలిస్తేగాని ఈ విషయం బోధపడదు. కడత్తూరులో ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 22 ప్రాంతంలో ఒకసారీ ఆగస్టు 20 ప్రాంతంలో మరొకసారీ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య నాలుగు నెలలూ మిట్టమధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుంది. జూన్ 21న కూడా సూర్యుడు నడినెత్తి నుంచి పదకొండున్నర డిగ్రీలకు మించి ఒరగడు కాబట్టి, ఉత్తరపు కిటికీకి అడుగు చూరు ఉంటే ఆ వేళకు సరిపోతుంది. దక్షిణపు కిటికీ మీదికి ఎండ ఎక్కువగా వచ్చేది చలికాలంలో. అప్పుడది ఎవరినీ బాధించదు. చిక్కంతా తూర్పు, పడమరలతోనే. వేసవి సాయంత్రం నాలుగు దాటాక సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. ఆ వేళకు నాలుగడుగుల ఎత్తున్న పడమటి కిటికీ పూర్తిగా నీడలో ఉండాలంటే దాదాపు ఏడడుగుల చూరు కావాలి. ఏడడుగులంటే అది చూరు కాదు, పంచ. ఇంటి ముందు పంచ వేసిన పూర్వులు త్రికోణమితి చదవకపోయినా లెక్క తప్పలేదు.

పాత ఇళ్లకు అసలు కిటికీలే తక్కువ. ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతంలో నల్లరాయికి కొదవ లేదు. స్తోమత ఉన్నవారు రాతితో, లేనివారు మట్టితో గోడలు కట్టుకున్నారు. రెండూ మందపు గోడలే. మధ్యాహ్నపు వేడి అంత మందం దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు గూకేది, అప్పటికి మనుషులు అరుగుల మీదికి, పెరట్లోకి చేరేవారు. వెలుతురు ఎక్కువగా తలుపులోంచే వచ్చేది. వంటింటి గోడలో పొగ పోవడానికి జానెడు కంతలు ఉండేవి. రాయలసీమ మట్టిమిద్దెల్లో కిటికీ పని పైకప్పుకు అప్పగించారు. మిద్దెలో గవాచి అనే కంత పెట్టి, వాన వస్తే దాన్ని బండతోనో కుండతోనో మూసేవారు. కృష్ణా, గోదావరి జిల్లాల మండువా లోగిలిలో ఇంటి నడిమి ఆకాశమే కిటికీ. గదులన్నీ దానివైపు తెరుచుకుంటాయి, వీధి వైపు గోడ మూసే ఉంటుంది.

ఇదంతా స్వర్ణయుగం అనుకోనక్కర్లేదు. కంతలు మాత్రమే ఉన్న ఇంట్లో పొయ్యి పొగ పీల్చింది ఆడవాళ్లు. చీకటి గదుల్లో తేమ, పురుగూపుట్రా చేరేవి. పురుడు పోసుకునే గది అన్నిటికంటే చీకటిది. వేడిని ఆపడంలో ఆ ఇల్లు నెగ్గింది, వెలుతురు ఇవ్వడంలో ఓడింది. తరవాతి చరిత్ర మొత్తం ఈ రెండో అప్పు తీర్చే ప్రయత్నమే. తీర్చే క్రమంలో మొదటి గెలుపు చేజారింది.

వేడిని ఆపుతూనే వెలుతురు ఇచ్చే పరికరం రాజుల కట్టడాల్లో ఎప్పటినుంచో ఉంది. అది రాతి జాలీ. హైదరాబాద్‌లో 1591 నాటి చార్మినార్ పై అంతస్తులోనూ, 1671లో కట్టిన టోలీ మసీదులోనూ కుతుబ్‌షాహీ శిల్పుల చేతి జాలీలు నేటికీ ఉన్నాయి. జాలీలో కంత ఎంత పెద్దదో రాతి మందమూ సుమారు అంతే ఉంటుంది. వాలుగా వచ్చే ఎండ కంత అంచుల మీదే పడి ఆగిపోతుంది, లోపలికి చేరేది అక్కడినుంచి తిరిగి వెలిగే మెత్తని వెలుతురు. గాలి మాత్రం ఇరుకు కంతల్లోంచి వేగం పెంచుకుని వస్తుంది. కానీ జాలీ చెక్కడానికి శిల్పి కావాలి, శిల్పికి రాజు కావాలి.

సామాన్యుడి జాలీ వెదురు తడిక. దాన్ని అల్లినవాళ్లు మేదర్లు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో మేదర్ల గురించి రాస్తూ, తెలుగు, కన్నడ, ఒరియా, తమిళ సీమలన్నిట్లో వీళ్లు ఉన్నారని చెప్పాడు. జల్లెళ్లు, బుట్టలు, ఉయ్యాలలు, చాపలు, విసనకర్రలు, గొడుగులతో పాటు తడికలు కూడా వాళ్లు చేసే వస్తువుల జాబితాలో చేర్చాడు. ఊళ్లో ఉంటూ అడవికి వెళ్లి వెదురు కొట్టుకురావడం ఈ వృత్తి తీరు. అడవి కొండలు దగ్గరున్న బారామహల్ లాంటి చోట అది సాగడానికి వీలెక్కువ.

ధర్మపురి, కృష్ణగిరి, తిరుప్పత్తూరు ప్రాంతాల పాత పేరే బారామహల్. విజయనగర పాలనలోనూ ఆ తరవాతి పాలెగాళ్ల రోజుల్లోనూ ఇక్కడ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. పెనుకొండ కోటను కాచిన జగదేవరాయలికి ఈ సీమ బహుమానంగా దక్కిందని జిల్లా చరిత్రలు చెబుతాయి. తరవాత మైసూరు చేతికి వెళ్లిన బారామహల్ 1792లో శ్రీరంగపట్నం సంధితో ఈస్టిండియా కంపెనీ వశమైంది. కంపెనీ తరఫున శిస్తు నిర్ణయించడానికి వచ్చినవాడు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, అతని సహాయకుల్లో ఒకడు థామస్ మన్రో. దత్తమండలాల కలెక్టరుగా, మద్రాసు గవర్నరుగా తెలుగువారు ఎరిగిన మన్రో 1799 దాకా గడిపింది ధర్మపురిలోనే. అక్కడ ఇల్లు కట్టించి తోట వేశాడు.

కంపెనీ అధికారులు వేసవిని తట్టుకోవడానికి ఆశ్రయించిన సాధనం ఇంగ్లండు నుంచి రాలేదు. మొగలుల దగ్గర నేర్చుకున్నారు. పదహారో శతాబ్దపు చివర అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో వట్టివేళ్లతో అల్లిన గదుల ప్రస్తావన ఉంది. వాటి మీద నీళ్లు చిలకరిస్తే మండువేసవిలో చలికాలం పుడుతుందన్న భావం అందులో కనబడుతుంది. షాజహానాబాద్‌కు, అంటే ఢిల్లీకి, వచ్చిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ కూడా ఉమ్రావుల ఇళ్లలో ఇలాంటి గదులు చూశాడు. దక్కనుకు, కోస్తాకు ఆ పద్ధతి వచ్చేసరికి గది పోయి తడిక మిగిలింది. కిటికీకీ తలుపుకూ సరిపడే వెదురు చట్రం కట్టి, అందులో వట్టివేళ్లను ఒత్తుగా పరిచి, గాలి వచ్చే దిక్కున బయటి వైపు నిలబెట్టేవారు. హైదరాబాద్‌లో అది ఖస్ తట్టీ, కోస్తాలో వట్టివేళ్ల తడిక.

తడిక చేసే పనిని అంకెల్లో చూడవచ్చు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. గంటకు ఒక లీటరు ఆవిరైతే, లోపలికి వచ్చే గాలి నుంచి దాదాపు 670 వాట్ల వేడిని లాగేసినట్టు. గాలి 40 డిగ్రీల వేడితో, 20 శాతం తేమతో వీస్తున్నప్పుడు తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం 22 డిగ్రీల దగ్గర ఆగుతుంది. తడిక ద్వారా వచ్చే గాలి అంత దాకా చల్లబడకపోయినా ఆ దిశగా చాలా దూరం వెళుతుంది. అదే 34 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న సముద్రపు గాలి అయితే ఆ హద్దు 27 దగ్గరే ఉంటుంది. గదిలో ఉక్క పెరుగుతుంది తప్ప చల్లదనం రాదు. అందుకే మద్రాసులోనూ మచిలీపట్నంలోనూ తడికలు కట్టింది పడమటి నేలగాలి వీచే రోజుల్లోనే. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే వాటిని పక్కకు జరిపేవారు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ నేలగాలుల మీద ప్రత్యేకంగా వ్యాసమే రాశాడు. బారామహల్, రాయలసీమ, తెలంగాణల్లో ఈ ఇబ్బంది తక్కువ. అక్కడ వేసవి గాలి రోజంతా పొడిగానే ఉంటుంది.

తడిక తానుగా తడవదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీద నీళ్లు చల్లడానికి ఒక మనిషి ఎండలో నిలబడాలి. లోపల పంకా లాగేవాడు మరొకడు. దొరగారి గదిలో తగ్గిన డిగ్రీలకు ఖర్చయిన ఇంధనం బయట ఉన్న మనిషి ఒళ్లే. కచేరీల వేసవి ఖర్చులో తడికలు అల్లినవారి కూలి, నీళ్లు మోసినవారి కూలి చేరేవి. పందొమ్మిదో శతాబ్దంలో పెట్టెలో చక్రం తిప్పి తడి వట్టివేళ్లలోంచి గాలి తోలే యంత్రాలు కూడా తయారు చేశారు. వాటి చక్రం తిప్పిందీ కూలివాడే. నేటి ఎయిర్ కూలర్‌దీ అదే సూత్రం. తడికల మాట అటుంచి వేడినే వదిలించుకుందామనుకున్న దొరలూ లేకపోలేదు. 1820ల్లో సేలం కలెక్టరుగా ఉన్న ఎం.డి. కాక్‌బర్న్ షెవరాయ్ కొండలెక్కి ఏర్కాడులో కాఫీ మొక్కలు నాటించాడు. కిటికీ సమస్యకు అంతకంటే ఖరీదైన పరిష్కారం ఇంకొకటి లేదు.

నీటి అవసరం లేని తడిక చిక్కు. సన్నని వెదురు పుల్లలను నూలుతాడుతో కుట్టి, పైకి చుట్టి కట్టేలా చేసిన తెర అది. పంచ స్తంభాల మధ్య వేలాడదీస్తే లోపలివారికి వీధి కనిపిస్తుంది, వీధివారికి లోపల కనిపించదు. పుల్లల సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. ఘోషా పాటించే ఇళ్లలో దీన్ని మరుగు కోసం కట్టారు, చల్లదనం కొసరుగా దక్కింది. దొరల బంగళాల్లో దీనికి తోడుగా వెనీషియన్ రెక్కలు వచ్చాయి. చెక్క పలకలను ఏటవాలుగా అమర్చిన ఆ తలుపులు మధ్యధరా సముద్ర తీరపు ఇళ్లలో ఎండను బయటే ఆపడానికి పుట్టినవి. ఆకుపచ్చ రంగు వేసిన ఆ రెక్కలు మద్రాసు తోట బంగళాల్లోనూ పుదుచ్చేరి ఫ్రెంచి ఇళ్లలోనూ అలవాటైన దృశ్యం అయ్యాయి. చిక్కు, వెనీషియన్ రెక్క, తడిక, మూడూ ఎండను గదికి బయటే అడ్డుకుంటాయి. వేడెక్కేది తెర, ఆ వేడిని మోసుకుపోయేది బయటి గాలి.

మద్రాసు రైలు 1860ల మొదట్లో జోలార్‌పేట మీదుగా సేలం చేరింది. బొమ్మిడి, మొరప్పూరు స్టేషన్లతో కడత్తూరు చుట్టుపక్కల పల్లెలకు బయటి సరుకు దగ్గరైంది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు పెంకుల కర్మాగారం పెట్టారు. ఆ బిళ్ల పెంకు దక్షిణాది అంతటా పాకింది. దానితోపాటే అద్దపు పెంకు వచ్చింది. కప్పులో ఒకటి రెండు అద్దపు పెంకులు పొదిగితే వంటిల్లు పట్టపగల్లా వెలిగేది. రాయలసీమ గవాచి చేసిన పనే, వాన భయం లేకుండా. కిటికీ గాజు మాత్రం చాలాకాలం దూరదేశపు సరుకు. బెల్జియం నుంచి పెట్టెల్లో వచ్చేది, ధనికుల ఇళ్లకే పరిమితం. 1893 నాటికి పూర్తయిన హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో రంగుటద్దాలు వైభవానికి గుర్తు. మధ్యతరగతి కిటికీకి ఇనుప ఊచలు, చెక్క రెక్కలే. రెక్క మూస్తే చీకటి, తీస్తే ఎండ. ఈ ఇబ్బందికి గాజు జవాబుగా కనిపించింది.

గాజు గుణం వేరు. మూడు మిల్లీమీటర్ల మామూలు గాజు తన మీద పడిన సౌరశక్తిలో ఎనభై అయిదు శాతానికి పైగా గదిలోకి పంపుతుంది. ఆ ఎండ నేలను, మంచాన్ని, గోడను తాకి వేడిగా మారుతుంది. ఆ వస్తువులు తిరిగి వదిలే దీర్ఘతరంగాలకు గాజు దారి ఇవ్వదు. వేడి లోపల చిక్కుకుంటుంది. నాలుగడుగుల చదరపు పడమటి కిటికీ మీద ఏప్రిల్ సాయంత్రం చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల ఎండ పడుతుందనుకుంటే, గదిలోకి వచ్చేది ఏడు వందల వాట్లకు పైమాటే. తడిక మీద గంటకు లీటరు నీరు ఆవిరై ఎంత వేడి లాగుతుందో, ఒక్క గాజు కిటికీ సుమారు అంత వేడి లోపల పోస్తుంది. ఒక టన్ను ఏసీ తీసివేయగల వేడిలో అది అయిదో వంతు.

దాన్ని ఆపడానికి వచ్చింది గుడ్డ కర్టెన్. ఈ అలవాటు పుట్టిన ఇంగ్లండులో దాని పని వేరు. 51 డిగ్రీల అక్షాంశంలో చలికాలపు రాత్రి గదిలోని వేడి గాజులోంచి బయటికి పోకుండా దళసరి కర్టెన్ ఆపుతుంది. గాజుకు లోపల ఉండడమే అక్కడ న్యాయం. ఆ తెర దొరల హాలుతోపాటు యథాతథంగా మద్రాసుకు వచ్చింది, మద్రాసు నుంచి వకీళ్ల ఇళ్లకు, అక్కడినుంచి అందరి ఇళ్లకు. ఇక్కడ ఆపాల్సింది రాత్రి పోయే వేడిని కాదు, పగలు వచ్చే ఎండను. కర్టెన్ దాకా చేరిన ఎండ అప్పటికే గాజు దాటేసింది. తెల్లని గుడ్డ దానిలో కొంత భాగాన్ని వెలుతురుగానే వెనక్కి పంపుతుంది. ముదురు రంగు గుడ్డ అయితే తానే కాగి, గదిలోని గాలిని కాగబెడుతుంది. ఇప్పుడు కరూరు మగ్గాల మీద, మరమగ్గాల మీద తయారై దేశదేశాలకు వెళ్లే కర్టెన్ గుడ్డకు అందం ఉంది, మరుగు ఉంది. ఎండను ఆపే శక్తి మాత్రం రంగును బట్టీ, లోపలి తెల్ల అస్తరును బట్టీ ఉంటుంది.

ఇదే కాలంలో మేదరి తడికకు వేరే దెబ్బలు తగిలాయి. 1882 మద్రాసు అటవీ చట్టం తరవాత రిజర్వు అడవిలో వెదురు కొట్టాలంటే అనుమతి చీటీ కావలసి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో కాగితపు మిల్లులు వచ్చి అదే వెదురుకు పోటీ పడ్డాయి. ఆదిలాబాద్ అడవుల అంచున 1938లో స్థాపించిన సిర్పూర్ పేపర్ మిల్స్ అలాంటిదే. గడ్డిజాతికి చెందిన వెదురును చట్టం చెట్టుగా లెక్కవేసింది. అడవి వెలుపల పెరిగిన వెదురుకు ఆ లెక్క తప్పింది 2017 నవంబరులో, అటవీ చట్ట సవరణతో. అప్పటికి చిక్కు అల్లే చేతులు చాలావరకు నిచ్చెనలకు, పెళ్లి పందిళ్లకు, చేటలకు మళ్లిపోయాయి. తెరల వ్యాపారం ప్లాస్టిక్ పుల్లల చేతికి వెళ్లింది.

మేట్టూరు ఆనకట్ట 1934లో పూర్తయింది, 1937 నుంచి అక్కడ జలవిద్యుత్తు మొదలైంది. కరెంటు వచ్చిన ఊళ్లకు సీలింగ్ ఫ్యాన్ వచ్చింది. ఫ్యాన్ వేడిని తగ్గించదు, ఉన్న గాలిని కదుపుతుంది. అయినా ఒంటికి హాయిగా తోస్తుంది కాబట్టి, ఎదురెదురు కిటికీలు పెట్టి గాలికి దారి చేయాలన్న పట్టింపు సడలింది. దోమలకు కట్టిన సన్నని వల గాలిని మరికొంత తగ్గించింది. సాయంత్రం అయిదుకే దోమల భయంతో కిటికీలు మూసేసే అలవాటు, రాత్రి చల్లగాలితో గోడలు చల్లబడే అవకాశాన్ని కూడా తీసేసింది. ఈ నష్టం లెక్కలోకి రాదు గాని చిన్నది కాదు.

సరిగ్గా ఆ 1937లోనే, కడత్తూరుకు తూర్పున సుమారు 170 కిలోమీటర్ల దూరంలో, దాదాపు అదే అక్షాంశం మీద, గాజు లేని కిటికీలతో ఒక ఆధునిక భవనం మొదలైంది. పుదుచ్చేరి శ్రీ అరవిందాశ్రమంలోని వసతి గృహం అది. దానికి హైదరాబాద్‌తో చుట్టరికం ఉంది. సంస్థాన ప్రధానిగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం నుంచి అందిన విరాళం దీనికి ఊతం. అందుకే ఆశ్రమ నిర్వాహకురాలు శ్రీమాత ఆ భవనానికి గోల్కొండ అని పేరు పెట్టారు. రూపకర్త ఆంటోనిన్ రేమండ్, చెక్ దేశంలో పుట్టి టోక్యోలో స్థిరపడ్డవాడు. దగ్గరుండి పని నడిపించినవారిలో జార్జ్ నకషిమా, ఫ్రాంతిషెక్ సామర్ ఉన్నారు. నకషిమా తరవాత అమెరికాలో కొయ్య సామాను రూపశిల్పిగా పేరుకెక్కాడు. నిర్మాణం 1940ల దాకా సాగింది. కాంక్రీటుతో కట్టిన తొలి భారతీయ ఆధునిక కట్టడాల్లో దీనికి మొదటి వరుసలో చోటు.

గోల్కొండ భవనం పొడవు తూర్పు పడమరలుగా సాగుతుంది. అంటే పొట్టి గోడలు మాత్రమే తూర్పు పడమటి ఎండకు ఎదురు. పొడవైన ఉత్తర, దక్షిణ ముఖాలకు గోడలు లేవు, గాజూ లేదు. నేల నుంచి కప్పు దాకా అడ్డంగా అమర్చిన సిమెంటు రేకుల పలకలు వరసగా ఉంటాయి. మీట తిప్పితే అవి తెరుచుకుంటాయి, వాలుతాయి, వాన వస్తే మూసుకుంటాయి. గదికీ నడవకూ మధ్య టేకు జరుపుడు తలుపులు సందులతో చేసినవి, మూసినా గాలి ఆగదు. పైకప్పు మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు, వాటి కింద గాలి ఆడే ఖాళీ. చెట్ల నీడ ఉన్న తోట వైపు నుంచి చల్లగాలి ఒక ముఖంలోంచి వచ్చి రెండో ముఖంలోంచి పోతుంది. పుదుచ్చేరిది తేమగాలి కాబట్టి వట్టివేళ్ల నీళ్లు అక్కడ పనికిరావు. చిక్కు గుణం మాత్రం పనికివచ్చింది, రేమండ్ దాన్నే కాంక్రీటు కాలపు సామానుతో పెద్దదిగా చేశాడు. ఆ పలకల్లో ఆస్బెస్టాస్ ఉంది, ఆ పదార్థపు హాని అప్పటికి విస్తృతంగా తెలియదు. ఆ సంగతి పక్కనపెట్టి ఆలోచన మాత్రమే చూస్తే, దక్షిణాదిలో కిటికీ మీద ఇరవయ్యో శతాబ్దం చేసిన ప్రయోగాల్లో ఇంతకు మించినది లేదు. ఏసీ లేకుండా అది నేటికీ వాడుకలో ఉంది.

దాన్ని ఎవరూ పెద్దగా అనుకరించలేదు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ క్వార్టర్లు, తరవాత అపార్ట్‌మెంట్లు ఒకే నమూనా పట్టుకున్నాయి. ప్రతి కిటికీకీ అన్ని దిక్కుల్లోనూ ఒకే కొలత సన్‌షేడ్. ఉత్తరానికి ఆ సన్‌షేడ్ ఎక్కువ, పడమటికి చాలదు. స్థలం ధర పెరిగేకొద్దీ అదీ కుంచించుకుపోయింది. మరోవైపు గాజు చవకైంది. కరిగిన తగరం మీద గాజును తేలనిచ్చి పలకలు తీసే పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది. తమిళనాడులోనే శ్రీపెరుంబుదూరులో సెయింట్ గొబేన్ కర్మాగారం 2000లో మొదలైంది. హైదరాబాద్‌లో 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ తరవాత వచ్చిన ఐటీ భవనాలు గాజును ప్రగతి చిహ్నంగా ధరించాయి. ఎండను లోపలికి రానిచ్చి, కర్టెన్లు దించి, పట్టపగలు దీపాలు వేసి, వచ్చిన వేడిని కరెంటుతో బయటికి తోడే పద్ధతి అలా స్థిరపడింది. దీన్ని ఆధునికత అనడం కష్టం.

కరెంటు బిల్లే చివరికి చట్టాన్ని రప్పించింది. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది, దాని కింద ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడింది. వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళి 2007లో వెలువడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని 2014 జనవరిలో, విభజనకు కొన్ని నెలల ముందు, తన నియమాల్లో చేర్చుకుంది. ఆ కసరత్తులో హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పాలుపంచుకుంది. అంతకు పదేళ్ల ముందే, 2004 జులైలో, రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ హైదరాబాద్‌లో జాలీ గోడలతో వెలిసింది. హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన తొలి భవనం అదే. టోలీ మసీదు నాటి ఉపాయానికి మూడు శతాబ్దాల తరవాత అదే నగరంలో విదేశీ పతకం దక్కింది.

నివాస గృహాల వంతు 2018 డిసెంబరు 14న వచ్చింది. ఆ రోజు విడుదలైన ఎకో నివాస్ సంహిత గోడలు, కిటికీల ద్వారా ఇంట్లోకి వచ్చే వేడికి ఒక హద్దు గీసింది. చలి ప్రాంతాలు మినహా మిగతా చోట్ల అది చదరపు మీటరుకు 15 వాట్లు. తెరుచుకునే కిటికీ వైశాల్యం నేల వైశాల్యంలో ఎంత ఉండాలో కూడా చెప్పింది. వేడి, పొడి ప్రాంతాల్లో పదో వంతు, వేడి, తేమ ప్రాంతాల్లో ఆరో వంతు. పొడి నేలకు చిన్న కిటికీ, తేమ నేలకు పెద్ద కిటికీ అన్నమాట. సీమ మిద్దె, కోస్తా మండువా ఎప్పుడో పాటించిన తేడానే ఇది. 2022 చట్ట సవరణ నివాస భవనాలను కూడా నియమావళి పరిధిలోకి తెచ్చింది. భారత్, స్విట్జర్లాండ్ ప్రభుత్వాలు 2011 నుంచి ఉమ్మడిగా నడిపిన భవన ఇంధన పథకంలో, కిటికీ బయట అమర్చి జరుపుకోగల నీడ పరికరాల మీద ప్రత్యేకంగా పని జరిగింది. వాటిలో కొన్ని వెదురు చిక్కుకు లోహపు రూపాలే.

కడత్తూరు లాంటి పట్టణంలో ఈ చరిత్ర ఒకేసారి, ఒకే వీధిలో కనబడే అవకాశం ఉంది. పెంకుటింటి పంచ, కాంక్రీటు మేడ, దాని మీద జరుపుడు గాజు కిటికీ. పంచ ఉన్న ఇంటికి కొత్తగా చేయవలసింది ఏమీ లేదు. మేడలో పడమటి కిటికీకి చవకైన మందు బయట కట్టే వెదురు చిక్కు. అది దొరకని చోట, కృష్ణగిరి, హోసూరు పూలతోటల్లో వాడే షేడ్ నెట్‌ను గాజుకు జానెడు దూరంలో చట్రానికి బిగించినా పని జరుగుతుంది. ఆ జానెడు సందు ముఖ్యం, కాగిన వల వేడిని గాలి తీసుకుపోయేది అక్కడే. పొద్దున ఎండెక్కకముందే కిటికీలు మూసి, చీకటి పడ్డాక వల తలుపులు మాత్రం ఉంచి తెరిస్తే గోడలు రాత్రికి చల్లబడతాయి. కడలూరు ఇసుక నేలల్లో పండే వట్టివేరు ఇప్పటికీ బజారులో దొరుకుతుంది. నీటి ఎద్దడి ఉన్న జిల్లాలో దాన్ని రోజంతా తడపడం కంటే ముందు ఎండను ఆపడమే తెలివి.

ఎకో నివాస్ సంహిత లెక్కకట్టే సూత్రంలో గోడ మందానికి స్థానం ఉంది, గాజు రకానికి ఉంది, కిటికీ ఏ దిక్కున ఉందన్నదానికి ఉంది, బయట ఉన్న చూరుకూ నీడ పలకకూ ఉంది. లోపల వేలాడే కర్టెన్‌కు లేదు.